మీ ఊళ్ళో దీన్నేమంటారు?

కార్తీకమాసం వచ్చిందంటే మన ఆఫీసులలో ఫైళ్ళతోపాటు ఇంకొక కాగితం కూడా బల్ల నుంచి బల్లకు నడవడం మొదలుపెడుతుంది. దాని మీద వరసగా పేర్లుంటాయి. పేర్లకెదురుగా చందా మొత్తాలుంటాయి. అడుగున “వనభోజనాలు - రెండవ శనివారం” అని ఉంటుంది. ఏ ఫైలు ఆలస్యమయినా ఈ కాగితం మాత్రం ఆలస్యం కాదు. మూడు రోజులలో ఆఫీసంతా తిరిగి, సంతకాలతో నిండి, వసూలు చేసే ఆయన జేబులోకి చేరుకుంటుంది.

తరువాత జరిగేది పాఠకులకు తెలిసినదే. ఏ మామిడితోపులోనో, ఏ చింతతోపులోనో జంపఖానాలు పరుస్తారు. శాస్త్రానికి ఒక ఉసిరి చెట్టును వెతుకుతారు. చెట్టు దొరకకపోతే కొమ్మ తెచ్చి నాటుతారు. పులిహోర, బొబ్బట్లు, దద్దోజనం వస్తాయి. అందరూ వస్తారు. కాని ఎట్లా కూర్చుంటారు? అకౌంట్సు వారు అకౌంట్సు వారితో కూర్చుంటారు. అధికారులు కుర్చీలలో కూర్చుంటారు. ఆడవాళ్ళు వంటపాత్రల దగ్గర ఉంటారు. డ్రైవర్లు వ్యాను నీడన చేరతారు. అటెండర్లు అసలు కూర్చోనే కూర్చోరు, వడ్డిస్తూ ఉంటారు. సాయంత్రం ఫోటో తీసుకుని తిరిగి వచ్చేస్తారు. ఇది వనభోజనమా అంటే వనమే, భోజనమే. కాని ఆఫీసును పునాదులతో సహా ఎత్తి తోటలో పెట్టినట్టు ఉంటుంది!

నేను ఉద్యోగరీత్యా మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళలోనూ ఉన్నవాణ్ణి. పాత చిత్తూరు జిల్లాకు ఇవి పడమటి అంచు. ఎటు చూసినా గుట్టలు, చెరువులు. సముద్రమట్టానికి రమారమి రెండు వేల అడుగులకు పైబడిన నేల. శీతకాలం వచ్చిందంటే తెల్లవారి ఎనిమిదింటి దాకా తువ్వాలు తలకు చుట్టుకోనిదే ఎవరూ వీధిలోకి రారు. పైగా ఈశాన్య ఋతుపవనాల వాన సరిగా కార్తీకంలోనే పడుతుంది. అందుచేత ఈ ఊళ్ళలో వనభోజనాల ఏర్పాటు నెత్తిన వేసుకున్నవాడికి పులిహోర ఒక్కటీ చేతనయితే చాలదు. వాన వచ్చి నలభైమంది ఒక రేకుల షెడ్డు కింద మూడు గంటలు ఇరుక్కుంటే ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి. ఆ మూడు గంటల కోసం నేను కూర్చుకున్న సరంజామాలో కొంత ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాను. ఈ ఏడు మీ ఆఫీసులో పనికి వస్తుందేమో చూడండి.

మనకు మంచెక్కడిది?

కొత్తవారు నలుగురు కలిసినప్పుడు ఆ మొదటి మౌనాన్ని పోగొట్టే ఆటలకు ఇంగ్లీషువారు “ఐస్ బ్రేకర్లు” అని పేరు పెట్టారు. మంచు పగలగొట్టేవి అని అర్థం. మంచు కురిసే దేశాలవారు గనుక వారికి ఆ పోలిక తట్టింది. మనకు గడ్డకట్టేది నీరు కాదు, నోరు. దానిని కట్టేసేవి రెండు. ఒకటి బిడియం, రెండవది హోదా. బిడియం ఆటలతో పోతుంది. హోదా అంత సులువుగా పోదు.

బదిలీల ఆఫీసులలో ఈ చిక్కు మరీ ఎక్కువ. శ్రీకాకుళం నుంచి ఒకరు, కర్నూలు నుంచి ఒకరు వచ్చి కుప్పంలో చేరుతారు. కుప్పం రాష్ట్రానికి చిట్టచివర. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. వచ్చినవారు ఆరు నెలలు బదిలీ ఉత్తరువు కోసం ఎదురుచూస్తూ గడుపుతారు. పక్క బల్లవారి పేరు తెలుసు, ఊరు తెలియదు. ఇట్లాంటివారిని కలపాలంటే బంతిభోజనం ఒక్కటే చాలదు.

చాలదని నేను ఊరికే అనడం లేదు. 1954లో అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలో ముజఫర్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పదకొండు పన్నెండేళ్ళ పిల్లలను ఇరవై ఇద్దరిని శిబిరానికి తీసుకుపోయి, రెండు జట్లుగా చేసి, పందేలు పెట్టించాడు. ఆటలు కాస్తా తగవులయినాయి. ఒకరి జెండాలు ఒకరు తగలబెట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు రెండు జట్లనూ ఒకే చోట భోజనానికి కూర్చోబెట్టారు. వారు ఆ అన్నమే ఒకరి మీద ఒకరు విసురుకున్నారు! చివరకు వారిని కలిపినవి ఏవంటే, శిబిరానికి నీళ్ళు ఆగిపోతే అందరూ కలిసి వెతకవలసి రావడం, లారీ కదలకపోతే అందరూ కలిసి తాడు పట్టి లాగవలసి రావడం. కలిసి తినడం కంటె కలిసి ఒక పని చెయ్యడం మనుషులను దగ్గర చేస్తుందన్నమాట.

పితికిపప్పు మర్యాద

ఈ సంగతి షరీఫు గారికంటె ముందే మా చిత్తూరు జిల్లా ఆడవాళ్ళకు తెలుసు. శీతకాలం అనపకాయల కాలం. ఒలిచిన అనపగింజలను నీళ్ళలో నానవేసి, ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళ నడుమ పితికితే పైతోలు ఊడి లోపలి పప్పు టక్కున బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. దాని కూర రుచి చెప్పడానికి ఈ పత్రికలో పేజీలు చాలవు. ఒక్కరే కూర్చుని పితికితే ఎప్పటికి తెమిలేను? నలభైమందికి కూర కావాలంటే పది జతల చేతులు గిన్నె చుట్టూ చేరవలసిందే.

“అనపగింజలు పితికేదానికి మనిషి పెద్దోడా చిన్నోడా అనేది లేదు సార్, ఏలుండాల, అంతే” అని మా స్వీపరమ్మ ఒకసారి అన్నది. అంతకంటె చక్కగా ఎవరూ చెప్పలేరు. చేతులు పనిలో ఉంటే కళ్ళు కిందికి ఉంటాయి. కళ్ళు కిందికి ఉంటే బిడియస్థుడికి కూడా నోరు పెగులుతుంది. ఎదుటివారి ముఖంలోకి చూస్తూ చెప్పలేని మాట గిన్నెలోకి చూస్తూ చెప్పవచ్చు.

కాబట్టి నా మొదటి సలహా ఇది. వంటంతా కేటరింగువారికి అప్పజెప్పకండి. ఒక్క పని మిగుల్చుకోండి. అనపగింజలు కాని, చెనక్కాయలు ఒలవడం కాని, రాగిసంగటి ముద్దలు చెయ్యడం కాని, ఏదో ఒకటి. ఆ పనికి మగవాళ్ళనూ, అధికారులనూ తప్పనిసరిగా కూర్చోబెట్టండి. మీ ఆఫీసరుగారి చేతిలో అనపగింజ జారి అటెండరు చొక్కా మీద పడిందంటే ఆ రోజుకు సగం పని అయిపోయినట్టే.

మూడు భాషల ఆట

రెండవది ఈ వ్యాసానికి పేరుగా పెట్టిన ఆట. దీనికి ఖర్చు లేదు, సామాను లేదు. ఒక బుట్టలో ఇంట్లో ఉండే వస్తువులు పది పెట్టుకోండి. ఒక్కొక్కటే పైకెత్తి “మీ ఊళ్ళో దీన్నేమంటారు?” అని అడగండి.

బంగాళాదుంప ఎత్తి చూపించండి. కోస్తావారు బంగాళాదుంప అంటారు, తెలంగాణవారు ఆలుగడ్డ అంటారు, మావాళ్ళు ఉర్లగడ్డ అంటారు. కుప్పం పక్కనుంచి వచ్చిన తమిళుడు ఉరుళైక్కిళంగు అంటాడు. ఉర్లగడ్డకు చుట్టం దొరికిందని అందరూ నవ్వుతారు. ఉల్లిపాయ ఎత్తండి. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, మాకు ఎర్రగడ్డ, తమిళానికి వెంగాయం, కన్నడానికి ఈరుళ్ళి. వెల్లుల్లి మాకు తెల్లగడ్డ. ఎర్రదీ తెల్లదీ రెండూ గడ్డలే, రంగు చూసి పిలుచుకుంటాము. వేరుశనగ ఎత్తండి. పల్లీలు, చెనక్కాయలు, వేర్కడలై, కడలెకాయి అని నాలుగు వైపుల నుంచి వినిపిస్తాయి. రాగులు ఎత్తండి. ఉత్తరాంధ్రవారు చోళ్ళు అంటారు, తెలంగాణవారు తైదలు అంటారు. పితికిపప్పును కూడా అడగండి. కన్నడం వారు “హితికిద బేళె” అంటారు. పకారం హకారమయింది గాని కూర మారలేదు.

ఈ ఆటలో గొప్పతనం ఏమిటంటే తప్పు జవాబు లేదు. అందరూ గెలుస్తారు. ఎమ్మే చదివినవాడికీ, ఏడో తరగతితో ఆపినవాడికీ ఇక్కడ సమానమయిన విద్య ఉన్నది. ఎందుకంటే ఇది బడిలో నేర్చింది కాదు, అమ్మ దగ్గర నేర్చింది. పైగా చదువుకున్నవాడే ఇక్కడ కొంచెం వెనకబడతాడు. వాడు ఊరి మాటలు మరచిపోయి ఉంటాడు.

ఒక ఏడు వాన పట్టుకుని షెడ్డు కింద ఈ ఆట మొదలుపెట్టాము. చిరుధాన్యాల దగ్గరకు వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. వెనక గోడకు ఆనుకుని ఉన్న మా నైట్ వాచ్‌మన్ నెమ్మదిగా ముందుకు వచ్చాడు. నా బుట్టలో ఉన్న గింజలను అరచేతిలో పోసుకుని “ఇవి కొర్రలు సార్, ఇవి సామలు, ఇవి అరికెలు” అని వేరుచేసి చూపించాడు. దేనికి ఎన్నాళ్ళ పంటో, ఏ నేల కావాలో, అరికెల పొట్టు ఎట్లా తియ్యాలో చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా మా ఆఫీసులో పనిచేస్తున్నవాడు అంతసేపు మాట్లాడగా విన్నది అప్పుడే. మా ఆఫీసరు పొట్టు తీసే పద్ధతి రెండోసారి అడిగి చెప్పించుకున్నారు.

అది ఆటగా పోలేదు. వారం తిరక్కముందే ఆ వాచ్‌మన్ ఆఫీసరు గది గడపలో నిలబడి, రికార్డు రూములో పడమటి మూల వాననీరు కారుతున్నదనీ, కింది అరలో కట్టలు నానుతున్నాయనీ చెప్పాడు. వెళ్ళి చూస్తే నిజం. అవి జనం భూముల కాగితాలు. ఇంకొక వాన పడితే అక్షరం మిగిలేది కాదు. “ఎన్నాళ్ళబట్టి కారుతున్నది?” అని అడిగారు. “రెండేండ్లుగా కారతా ఉండాది సార్. నేను తట్టు కప్పతా వచ్చినా.” “మరి చెప్పలేదేం?” “నన్నెవురూ అడగలేదు గదా సార్.”

వనభోజనాలలో ఆటలెందుకు, తిని రాక, అనేవారికి నేను ఈ కట్టల సంగతే చెబుతాను. అడగడం అలవాటయిన ఆఫీసులో చెప్పడం అలవాటవుతుంది.

సంతకాల వేట

తంబోలా ఆడనివారు లేరు గదా. ఆ చీటీలనే కొంచెం మార్చండి. అంకెలకు బదులు గళ్ళలో మనుషుల గుణాలు రాయండి. “వరినాట్లు వేసిన చేతులు”, “కుప్పం గంగమ్మ జాతర చూసినవారు”, “ఈత బావిలో నేర్చినవారు”, “ఆవు పాలు పితకగలవారు”, “నాటకంలో వేషం కట్టినవారు”, “మూడు భాషలలో బేరమాడగలవారు”. ప్రతివారూ చీటీ పట్టుకుని తిరిగి, ఆ గుణమున్న మనిషిని కనిపెట్టి, ఆ గడిలో సంతకం పెట్టించుకోవాలి. ఒకే మనిషి చేత రెండు సంతకాలు పెట్టించరాదు. సంతకం రానివారు ఒక గుర్తు గీయవచ్చు. పావుగంటలో ఒక్కరూ కూర్చుని ఉండరు. కంప్యూటరు దగ్గర కూర్చునే సన్నపాటి అమ్మాయి ఆవు పాలు పితుకుతుందనీ, కోపిష్ఠి సూపరింటెండెంటు గారు ఒకప్పుడు సత్యభామ వేషం కట్టేవారనీ ఇట్లాగే బయటపడుతుంది.

ఆఫీసు అవధానం

అష్టావధానం మన సొంత సొత్తు. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే ఒక్కరు మనసు చెదరకుండా జవాబు చెప్పాలి. సమస్య, దత్తపది, వర్ణన ఒక పక్క. గంటలు లెక్కపెట్టడం ఒక పక్క. వీటి మధ్య అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డపు ప్రశ్నలతో ధ్యాస మళ్ళిస్తుంటాడు. దీనిని ఛందస్సు లేకుండా ఆఫీసుకు అనువుగా చేసుకోవచ్చు.

నడుమ కుర్చీలో అధికారిని కూర్చోబెట్టండి. చుట్టూ ఎనిమిదిమంది కింది ఉద్యోగులు. ఒకరు కూడికలెక్క చెబుతారు. ఒకరు “నెయ్యి, గొయ్యి, చెయ్యి, పొయ్యి” వంటి నాలుగు మాటలిచ్చి వాటితో సెలవుచీటీ రాయమంటారు. ఒకరు “ప” అక్షరం రాకుండా పులిహోరను వర్ణించమంటారు. ఒకరు మధ్యమధ్య గరిటెతో పళ్ళెం మీద కొడతారు, చివర ఎన్ని దెబ్బలో చెప్పాలి. డ్రైవరుగారు అప్రస్తుత ప్రసంగి. మా అవధానంలో ఆయన, “సార్, మీరు వెనక సీటులో నిద్రపోతూ తల ఎన్నిసార్లు ఊపితే ‘సరే’ అని అర్థం?” అని అడిగాడు. అధికారిగారికి దెబ్బల లెక్క తప్పింది.

ఏడాది పొడుగునా అడిగేవారు పై వారు, సంజాయిషీ చెప్పేవారు కింది వారు. ఒక్క గంటసేపు ఈ వరస తలకిందులు కావడంలో ఉన్నది దీని రహస్యం. అయితే ఒక షరతు: అధికారిని ముందుగా అడిగి ఒప్పించాలి. నవ్వగలిగినవారినే ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి.

పొడుపుకథలు

వాన గట్టిగా పడుతున్నప్పుడు పొడుపుకథలకు మించినవి లేవు. పాతవి అందరికీ వచ్చు గనుక నేను కొత్తవి కట్టుకున్నాను. ఇవిగో:

అ. రోజూ నా వేలు అడుగుతుంది. ఉంగరం మాత్రం తొడగదు.

ఆ. కాళ్ళు లేవు, బల్ల నుంచి బల్లకు నడుస్తుంది. ఎవరూ తొయ్యకపోతే ఏళ్ళ తరబడి నిద్రపోతుంది.

ఇ. తనకు చదువు రాదు. అది నెత్తిన పడితేనే మన చదువుకు విలువ.

ఈ. పువ్వు పైన, కాయ కింద. కోయాలంటే చెట్టునే పెకలించాలి.

ఉ. ఇల్లు కట్టుకున్నవాడు పోయాడు. ఆ ఇల్లు విప్పి పెళ్ళికూతురికి కట్టారు.

ఊ. పొద్దున బంగారం, సాయంత్రానికి కసువు; మండీకి చేరేదాకా తన వెల తనకే తెలియదు.

ప్రశ్నల పందెం

క్విజ్ అనే ప్రశ్నల పందెం మనకు కొత్తదేమీ కాదు. 1967లో కలకత్తాలో ఒక చర్చి హాలులో నీల్ ఓబ్రియన్ నడిపిన దానిని మన దేశంలో మొదటి క్విజ్‌గా చెబుతారు. ఆ తరువాత అది బడులకూ, రేడియోకూ, టీవీకీ ప్రాకింది. కాని ఆఫీసు వనభోజనాలలో దీనిని తెచ్చిపెట్టేవారు సాధారణంగా పోటీపరీక్షల పుస్తకం తెరిచి, ఏ దేశపు రాజధాని ఏదని అడుగుతారు. ఈమధ్యనే పరీక్ష రాసి వచ్చిన కుర్రవాళ్ళిద్దరు జవాబులన్నీ చెప్పేస్తారు. తక్కినవారు వక్కపొడి నములుతూ కూర్చుంటారు. అది పందెం కాదు, ఇంకొక పరీక్ష.

నా పద్ధతి వేరు. సెక్షన్ల వారీగా జట్లు చెయ్యను. ఉన్న గోడలకు సున్నం వేసినట్టవుతుంది. పుట్టిన నెలను బట్టి జట్లు చేస్తాను. ప్రతి జట్టులోనూ ఒక అధికారి, ఒక డ్రైవరు, ఒక కొత్త ఉద్యోగి పడేటట్టు చూస్తాను. ప్రశ్నలు మన చుట్టుపక్కల నేల నుంచే తీస్తాను. రోజూ నడిచే దారి మీద ఎంత చరిత్ర ఉన్నదో తెలిస్తే, బదిలీ మీద వచ్చినవారికి కూడా ఆ ఊరు కొంచెం సొంతమవుతుంది. మచ్చుకు తొమ్మిది ప్రశ్నలు:

1. మన జాతీయగీతానికి రవీంద్రనాథ ఠాకూర్ ఇంగ్లీషు అనువాదం రాసింది ఏ ఊళ్ళో? ఏ ఏడు?

2. మదనపల్లెలో 1895లో పుట్టి ప్రపంచమంతా తిరిగిన తత్వవేత్త ఎవరు?

3. హార్సిలీ కొండకు ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది? అంతకుముందు పేరేమిటి?

4. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం అనే పేరు గల చోట ఏ జబ్బుకు వైద్యం చేసేవారు? మొదటి పెద్ద డాక్టరు ఏ దేశంవారు?

5. మదనపల్లె మండీని నింపే టమోటా పుట్టినిల్లు ఏ ఖండం? ఆ పేరు ఎవరి భాష నుంచి వచ్చింది?

6. పుంగనూరు ఆవు ఎత్తు ఎంత?

7. మద్రాసు నుంచి జోలార్‌పేట మీదుగా బెంగుళూరు పోయే రైలు మధ్యలో కాసేపు ఆంధ్రప్రదేశ్‌లో దూరి బయటికి పోతుంది. అది ఏ స్టేషన్ల దగ్గర?

8. దక్షిణాది భాషల కోసం కుప్పంలో 1997లో వెలసిన సంస్థ ఏది?

9. మన ఆఫీసు తలుపు రోజూ అందరికంటె ముందు తెరిచేది ఎవరు? ఆ మనిషిది ఏ ఊరు? పిల్లలెందరు?

అడగకూడనివి

ఏవి అడగాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏవి అడగకూడదో తెలియడం అంతకంటె ముఖ్యం. కులం అడగవద్దు, ఇంటిపేరు నెపంతో దొడ్డిదారిన అసలు అడగవద్దు. జీతం అడగవద్దు. పెళ్ళి ఎందుకు కాలేదు, పిల్లలెందుకు లేరు అనేవి ఆటలు కావు. ఒడ్డూ పొడుగూ, రంగూ మీద హాస్యం వద్దు. పాడనన్నవారి చేత బలవంతాన పాడించవద్దు. “నేను చూస్తూ ఉంటాను” అనే హక్కు ప్రతివారికీ ఉండాలి. అట్లాంటివారికి మార్కులు వేసే పని అప్పగిస్తే వారూ ఆటలో ఉన్నట్టే.

తేదీ నిర్ణయించడంలో కూడా మర్యాద ఉన్నది. కార్తీక సోమవారం నక్తముండేవారు పగలు తినరు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయేవారున్నారు. ఆదివారం ఉదయం చర్చికి పోయేవారున్నారు. అందుకే రెండవ శనివారం శ్రేష్ఠం. ఆఫీసులో అన్ని మతాలవారూ ఉంటే, ఉసిరి చెట్టు పూజ చేసుకునేవారిని చేసుకోనిచ్చి, విందును మాత్రం అందరిదిగా ఉంచండి. లేదా క్రిస్‌మస్‌కూ సంక్రాంతికీ నడుమ పెట్టుకోండి. అనపకాయలు అప్పటికి ఇంకా బాగుంటాయి కూడాను! చందా అందరికీ ఒకటే పెట్టవద్దు. జీతాన్ని బట్టి పెట్టండి. కాంట్రాక్టు మీద పనిచేసేవారి దగ్గర అసలే తీసుకోవద్దు, కాని పిలవడం మాత్రం వారినే ముందు పిలవండి. వడ్డన వంతులవారీగా జరగాలి. మొదటి బంతి అటెండర్లది, వడ్డించేది అధికారులు.

ఒక చిన్న చివరి ఆటతో ముగించండి. 1997లో ఆర్థర్ ఆరన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ ముఖపరిచయం లేనివారిని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ముప్ఫై ఆరు ప్రశ్నలిచ్చారు. తేలికవి ముందు, మనసు లోతువి తరువాత. ఒకరడిగిందే రెండోవారూ చెప్పాలి. ముప్పావుగంటలో ఆ జంటలు, ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటలకంటె ఎంతో దగ్గరయినాయి. మనకు ముప్ఫై ఆరు అక్కరలేదు, మూడు చాలు. “చిన్నప్పుడు మీ ఇంట్లో శీతకాలం ఏం వండేవారు?” “ఈ ఉద్యోగానికి రాకపోతే ఏమయ్యేవారు?” “ఆఫీసులో మీకు తెలిసి మాకు తెలియనిది ఏమిటి?” ఇద్దరిద్దరు కూర్చుని ఒకరినొకరు అడగాలి, ఇద్దరూ చెప్పాలి. జట్టు కట్టడం మాత్రం ఎన్నడూ మాట్లాడుకోనివారితోనే. మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబులను సోమవారం ఉదయం మరచిపోకండి. ఎక్కడో ఏ మూలనో నీరు కారుతూ ఉండవచ్చు.

జవాబులు

పొడుపుకథలు: అ. హాజరు వేసే బయోమెట్రిక్ యంత్రం. ఆ. ఫైలు. ఇ. ఆఫీసు ముద్ర. ఈ. చెనక్కాయ. ఉ. పట్టుగూడు. ఊ. టమోటా.

ప్రశ్నలు: 1. మదనపల్లెలో, 1919లో. దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ఫిబ్రవరి 28న రాశారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ గీతానికి స్వరం రాసిపెట్టారు. 2. జిడ్డు కృష్ణమూర్తి. 3. కడప కలెక్టరుగా ఉండిన డబ్ల్యు. డి. హార్సిలీ వల్ల. అంతకుముందు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు నాలుగు వేల అడుగులకు పైన. 4. క్షయ. శానిటోరియం అక్కడ 1915లో తెరిచారు. మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ డెన్మార్కువారు. 5. దక్షిణ అమెరికా. పేరు మెక్సికో ఆదివాసుల నహువాటల్ భాషలోని “టొమాటల్” నుంచి వచ్చింది. 6. సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మూడు అడుగుల లోపు. పాలలో వెన్న మాత్రం పెద్ద ఆవులను మించుతుంది. 7. మల్లానూరు, కుప్పం, గుడుపల్లె. 8. ద్రావిడ విశ్వవిద్యాలయం.

తొమ్మిదవ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. సోమవారం కొంచెం ముందుగా ఆఫీసుకు వెళ్ళి, తలుపు తెరిచేవారినే అడగండి.